కోల్ మైనర్స్ డాటర్: చూసేముందు, చూస్తూ, చూశాక అందరూ అడిగే ప్రశ్నలు

పాత హాలీవుడ్ సినిమాల్లో ఒక మంచి బయోపిక్ చెప్పమని ఎవరడిగినా నేను ముందు చెప్పేది అమెరికన్ గాయని లొరెట్టా లిన్ జీవితం మీద 1980లో వచ్చిన "కోల్ మైనర్స్ డాటర్" (బొగ్గు గని కార్మికుడి కూతురు) పేరే. చెప్పిన ప్రతిసారీ తిరిగి అవే సందేహాలు వస్తున్నాయి, ఒకే జవాబు పది మందికి పదిసార్లు టైప్ చేయడం విసుగొచ్చి అన్నీ ఒకచోట పెట్టేశాను. వరుసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి. కథ ముందే తెలిసిపోతుందని భయపడేవాళ్లు మొదటి భాగం చదివి ఆపేయండి చాలు.

## చూడబోయే ముందు

లొరెట్టా లిన్ ఎవరో నాకు అస్సలు తెలీదు. అయినా చూడొచ్చా?

నిక్షేపంగా చూడొచ్చు. తెలియకపోతేనే ఇంకా బాగుంటుంది, తర్వాత ఏమవుతుందో తెలీదు కాబట్టి. క్లుప్తంగా చెప్పాలంటే, అమెరికాలోని కెంటకీ రాష్ట్రం తూర్పు కొండల్లో, బుచర్ హాలో అనే ఓ లోయలో 1932లో పుట్టిన అమ్మాయి. నాన్న బొగ్గు గనిలో కూలీ, ఎనిమిది మంది పిల్లల్లో ఈమె రెండోది. చిన్న వయసులోనే పెళ్లి, వెంటవెంటనే పిల్లలు. ఇరవై దాటాక గిటార్ పట్టుకుని సొంతంగా పాటలు కట్టి, 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ల "ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్" అవార్డు అందుకున్న తొలి మహిళ అయింది. 1976లో జార్జ్ వెక్సీ అనే జర్నలిస్టుతో కలిసి రాసిన ఆత్మకథే ఈ సినిమాకు ఆధారం. సినిమా పేరు, పుస్తకం పేరు, ఆమె అన్నిటికన్నా ప్రసిద్ధమైన పాట పేరు మూడూ ఒకటే.

కంట్రీ మ్యూజిక్ నాకు పడదు. రెండు గంటలు అదే వినాలా?

అంత పాట ఇందులో లేదు. దాదాపు మొదటి సగం కథలో ఆమె గాయని కానే కాదు, రేడియోలో వినడం, పిల్లల్ని జోకొడుతూ కూనిరాగాలు తీయడం, అంతే. తర్వాత పాటలొస్తాయి కానీ మన సినిమాల్లోలా కథ ఆపి పాడరు, పాటల్ని తెగ్గోసి వాడారు. ఇంకో సంగతి ఏంటంటే, కంట్రీ అంటే టోపీలు పెట్టుకుని గుర్రాల మీద తిరిగేవాళ్ల పాటలని చాలామంది అనుకుంటారు గానీ లొరెట్టా రాసిందంతా తాగి ఇంటికొచ్చే మొగుడి గురించి, ఆ మొగుడి వెంటపడే ఇంకో ఆడదాని గురించి, కాన్పుల గురించి. ఆ గొంతులో ఏడుపు కంటే గదమాయింపు ఎక్కువ వినిపిస్తుంది. నాకైతే ఈ సినిమా తర్వాతే కంట్రీ మీద ఉన్న చిన్నచూపు పోయింది.

ఇంగ్లిష్ బాగానే వచ్చు, కానీ వీళ్లు మాట్లాడేది ముక్క అర్థం కావట్లేదు. నాదే లోపమా?

మీ లోపం కాదు. అది అపలాచియా కొండల యాస, అమెరికాలోనే వేరే ప్రాంతాలవాళ్లు కూడా మొదట్లో తడబడతారు. హాలో అని రాసి ఉన్నదాన్ని వాళ్లు హాలర్ అంటారు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఓ ఇరవై నిమిషాలకి చెవి అలవాటు పడిపోతుంది. అయితే ఒక్కటి గమనించండి, లొరెట్టా కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్ వెళ్లాక, డబ్బొచ్చాక కూడా ఆ యాస మారదు. అసలు మనిషి కూడా అంతే, చివరిదాకా అదే యాసలో మాట్లాడింది.

పిల్లలతో కూర్చుని చూడొచ్చా?

అమెరికాలో దీనికి పీజీ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పెద్దవాళ్ల పక్కన చూడొచ్చని. కానీ 1980 నాటి పీజీ వేరు, మన ఇళ్లలో హాల్లో కూర్చుని చూసే పద్ధతి వేరు. మొదటి రాత్రి సీన్ ఒకటుంది, నగ్నత్వం లేదు కానీ ఆ పిల్లకి ఏమీ తెలీదు, మొగుడికి ఓపిక లేదు, చూడ్డానికి ఇబ్బందిగానే ఉంటుంది, అలా ఉండాలనే తీశారు. మొగుడు చెయ్యి చేసుకునే సీన్లు కూడా ఉన్నాయి. పదిహేనేళ్లు దాటిన పిల్లలైతే పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు, ఆ తర్వాత వాళ్లడిగే ప్రశ్నలకి మాత్రం సిద్ధంగా ఉండండి.

స్లోగా ఉంటుందా?

రెండు గంటల పైచిలుకు. మొదటి సగం నిదానం, కానీ ఆ నిదానమే సినిమాకి బలం అని నా అభిప్రాయం. రెండో సగం పరుగే పరుగు, కొన్నిచోట్ల ఏళ్లకేళ్లు ఒక్క కట్‌లో దాటేస్తాడు దర్శకుడు. స్లో అని ఫిర్యాదు చేసేవాళ్లకన్నా చివర్లో తొందరపడ్డాడని ఫిర్యాదు చేసేవాళ్ల మాటే సబబు అనిపిస్తుంది నాకు.

## కెంటకీ కొండల భాగం గురించి

నాన్న గనిలో ఉద్యోగం చేస్తున్నాడు కదా, మరి అంత పేదరికం ఏంటి?

ఇది చాలామంది అడుగుతారు, ముఖ్యంగా సింగరేణి వైపు వాళ్లు, ఎందుకంటే మన దగ్గర గనిలో పర్మినెంట్ ఉద్యోగం అంటే ఇంట్లో ధైర్యం. అప్పటి అపలాచియాలో సంగతి వేరు. ఊరికి ఊరే బొగ్గు కంపెనీ కట్టింది. లొరెట్టా వాళ్ల లోయకి దగ్గర్లోని వ్యాన్ లియర్ అలాంటి ఊరే, కన్సాలిడేషన్ కోల్ కంపెనీ కట్టించింది, ఆ పేరు కూడా కంపెనీ డైరెక్టర్లలో ఒకాయనది. ఇలాంటి ఊళ్లలో ఇల్లు కంపెనీది, డాక్టర్ కంపెనీవాడు, కొట్టు కంపెనీది. చాలాచోట్ల కూలీని డబ్బుగా కాకుండా స్క్రిప్ అనే కంపెనీ బిళ్లలుగా ఇచ్చేవాళ్లు, అవి కంపెనీ కొట్టులోనే చెల్లుతాయి. జీతం రాకముందే కొట్లో బాకీ రాసుకుని తెచ్చుకోవడం, జీతం రోజున ఆ బాకీకే సరిపోవడం. దానికి తోడు ఎనిమిది మంది పిల్లలు. రాత్రి గనిలో, పగలు పొలంలో చాకిరీ చేసినా తండ్రికి మిగిలింది ఊపిరితిత్తుల జబ్బు.

సినిమాలో ఇంటి లోపలి గోడలు చూడండి, పత్రికల కాగితాలు అతికించి ఉంటాయి. అది అలంకారం కోసం పెట్టింది కాదు, చెక్కల సందుల్లోంచి చలిగాలి రాకుండా అక్కడ నిజంగానే అలా అంటించుకునేవాళ్లు. కెమెరా ఆ గోడల మీద ఆగదు, చూపించి మనల్ని జాలిపడమని అడగదు, అమ్మ పని చేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే వెనకాల కనిపిస్తాయంతే.

నిజంగా పదమూడేళ్లకే పెళ్లి చేశారా?

సినిమాలో అంతే, పుస్తకంలో అంతే, ఆమె కూడా దశాబ్దాల పాటు అదే చెప్పింది. కానీ 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ జనన ధ్రువపత్రం, పెళ్లి కాగితాలు బయటికి తీసింది. ఆమె పుట్టింది 1932 ఏప్రిల్ 14న, పెళ్లి 1948 జనవరి 10న. లెక్కేసుకోండి, పదిహేనేళ్లు నిండాయి, పదహారుకి ఇంకా మూడు నెలలుంది. ఎప్పుడో పాటల రంగంలోకి వచ్చిన కొత్తలో వయసు తగ్గించి చెప్పుకున్నది అలాగే ఉండిపోయిందన్నమాట, ఆ రంగంలో అదేం వింత కాదు. కొంతమంది దీన్ని పట్టుకుని "అయితే కథంతా అబద్ధమే" అంటారు. పదిహేనేళ్ల పిల్లకి, ఇరవై ఒక్కేళ్ల వాడితో, పరిచయమైన నెలరోజుల్లో పెళ్లి. రెండేళ్ల తేడాతో ఆ కథ తేలికైపోతుందా?

డూ, డూలిటిల్, మూనీ... ముగ్గురు మనుషులా?

ఒక్కడే. అసలు పేరు ఆలివర్ వెనెటా లిన్. డూలిటిల్ చిన్నప్పటి ముద్దుపేరు, దాన్ని కుదించి డూ. మూనీ అనే పేరు మూన్‌షైన్ నుంచి వచ్చింది, అంటే కొండల్లో రాత్రిపూట దొంగచాటుగా కాచే నాటుసారా, దాన్ని ఇతను మోసేవాడు. లొరెట్టా ఎక్కువగా డూ అనే పిలుస్తుంది. ఈ పాత్ర వేసింది టామీ లీ జోన్స్. తర్వాత ముడతల మొహంతో కనిపించిన టామీ లీ జోన్సే తెలిసినవాళ్లు ఈ కుర్రాణ్ని మొదట గుర్తుపట్టరు.

మొదట్లో జీప్ గుట్ట ఎక్కించే సీన్ దేనికి? కథకి సంబంధమే లేదుగా?

చాలా ఉంది. డూ సైన్యం నుంచి ఇంటికొచ్చాడు, ఒంటిమీద ఇంకా యూనిఫాం ఉంది, కొత్తగా జీప్ తెచ్చాడు. బొగ్గు తవ్వగా మిగిలిన చెత్త కొండలా పేరుకుని ఉంటుంది, దాని మీదికి జీప్ ఎక్కిస్తానని పందెం కాస్తాడు. ఎక్కిస్తాడు కూడా. ఊళ్లో మగాళ్లందరూ రోజూ ఆ గుట్టని చూస్తూ గనిలోకి దిగేవాళ్లే, దాన్ని ఎక్కాలని ఎవడికీ తోచలేదు. అతను ఎలాంటివాడో రెండు నిమిషాల్లో చెప్పేశాడు దర్శకుడు: మొండివాడు, చూసేవాళ్లుంటే రెచ్చిపోయేవాడు, ఏ పనైనా కాదంటే అదే చేసేవాడు. తర్వాత భార్యని స్టేజీ ఎక్కించేదీ ఈ మొండితనమే, ఆమెని ఏడిపించేదీ ఇదే.

ఉప్పు వేసిన "పై" అనే వంటకం సీన్ కామెడీ కోసం కల్పించిందా?

కాదు, ఆత్మకథలో ఉన్నదే. స్కూల్లో పై వేలం పెడతారు, పై అంటే తీపి కూరి కాల్చిన పెద్ద కజ్జికాయ లాంటిదనుకోండి. అమ్మాయిలు చేసి తెస్తారు, ఎవరి పై ఎవరు కొంటే ఆ అమ్మాయితో కూర్చుని తినొచ్చు, ఇంటిదాకా దిగబెట్టొచ్చు. డూ ఎక్కువ పాటపాడి లొరెట్టా పై కొంటాడు. నోట్లో పెట్టుకుంటే చక్కెరకి బదులు ఉప్పు. నవ్వొస్తుంది గానీ, కాసేపటికి అనిపిస్తుంది, వంట కూడా సరిగ్గా రాని పిల్ల ఇది, ఇంకో నెలలో దీనికి పెళ్లి.

తండ్రిగా వేసినాయన ఎవరు? కళ్లలోంచి పోవట్లేదు.

లీవాన్ హెల్మ్. అసలు నటుడే కాదు, "ద బ్యాండ్" అనే రాక్ బృందంలో డ్రమ్స్ వాయిస్తూ పాడేవాడు, ఇదే అతని మొదటి సినిమా పాత్ర. అర్కాన్సాలో పత్తి పండించే కుటుంబంలో పుట్టాడు కాబట్టి ఒళ్లొంచి పనిచేసేవాడి నడక అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. తల్లిగా వేసిన ఫిలిస్ బోయెన్స్ కూడా జానపద గాయని, ఆమె నిజంగానే బొగ్గు గని కార్మికుడి కూతురు.

పెళ్లికి ఒప్పుకునే ముందు ఈ తండ్రి అల్లుడి దగ్గర రెండే మాటలు తీసుకుంటాడు: చెయ్యి చేసుకోవద్దు, దూరం తీసుకెళ్లొద్దు. డూ రెండూ తప్పుతాడు. రైల్వే స్టేషన్లో కూతుర్ని సాగనంపే సీన్లో హెల్మ్ పెద్దగా నటించడు, అలా నిలబడి మాట్లాడతాడంతే. మొత్తం సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీన్ ఏదంటే అదే చెబుతాను.

## గిటార్ నుంచి స్టేజీ దాకా

కెంటకీ నుంచి వాషింగ్టన్ వెళ్లడం ఏంటి? రాజధానిలో కూలిపని చేశారా?

రాజధాని కాదు, వాషింగ్టన్ రాష్ట్రం, దేశానికి ఆ చివర పసిఫిక్ తీరంలో ఉంటుంది. వీళ్లున్నది కస్టర్ అనే చిన్న ఊరు, కెనడా సరిహద్దు దగ్గర. ఆ రోజుల్లో ఆ కొండల్లో మగవాడికి మూడే దారులు: గనిలోకి దిగడం, నాటుసారా కాయడం, లేదంటే ఊరొదిలిపోవడం. సినిమాలో సారా కాసే స్నేహితుడే డూకి ఈ మాట చెబుతాడు. అతని గతి ఏమైందో చూశాక, గనిలోకి దిగే ఉద్దేశం ఎలాగూ లేదు కాబట్టి, డూ పశ్చిమానికి వెళ్లి పని చూసుకుంటాడు. కడుపుతో ఉన్న లొరెట్టా వెనకాల రైలెక్కుతుంది. ఇప్పటి టికెట్ల లెక్కలో ఆలోచించకండి, ఆ తండ్రికి అది మళ్లీ చూస్తానో లేదో అనేంత దూరం.

గిటార్ కొనిచ్చింది మొగుడేనా, లేక సినిమాకోసం అతన్ని మంచివాణ్ని చేశారా?

మొగుడే. సియర్స్ కంపెనీ అమ్మే హార్మనీ గిటార్, 17 డాలర్లు, 1953లో. ఆమెకి అప్పటికి 21 ఏళ్లు. సినిమాలో పాపం ఆమె అడిగింది పెళ్లి ఉంగరం, వచ్చింది గిటార్. నేర్పినవాళ్లెవరూ లేరు, పిల్లలు నిద్రపోయాక తనంతట తనే మీటుకుంటూ నేర్చుకుంది. స్టేజీ ఎక్కమన్నదీ అతనే, నేను పాడనంటే వినకుండా తోసింది కూడా అతనే.

రికార్డులు కారులో వేసుకుని రేడియో స్టేషన్ల చుట్టూ తిరగడం... ఇది మరీ సినిమాటిక్ కదా?

సినిమాటిక్‌గా ఉన్నా నిజమే. 1960 మొదట్లో "ఐ యామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్" అనే పాట రికార్డు చేశారు. టీవీలో ఆమె పాట విని నచ్చిన కలప వ్యాపారి నార్మ్ బర్లీ డబ్బు పెట్టాడు, జీరో రికార్డ్స్ అనే బుల్లి కంపెనీ అది, పంపిణీ చేసే దిక్కు లేదు. కాబట్టి మొగుడూ పెళ్లాలే స్టేషన్లకి పోస్టులో పంపారు, ఆ తర్వాత కారేసుకుని ఊరూరా తిరిగి రేడియో జాకీల్ని పట్టుకుని వేయమని బతిమాలారు. కార్లోనే నిద్ర, బ్రెడ్డు ముక్కల మధ్య చౌకరకం మాంసం పెట్టుకుని తిండి. పాట దేశవ్యాప్త కంట్రీ చార్టులో 14వ స్థానం దాకా వెళ్లింది. పెద్ద కంపెనీ అండ లేని పాటకి అది చిన్న విషయం కాదు.

ఈ భాగంలోనే సినిమాలోకెల్లా నవ్వొచ్చే సీన్ ఉంది. మొగుడు కొంటెగా వాడిన ఒక మాటకి అర్థం తెలీక లొరెట్టా దాన్ని లైవ్ రేడియోలో అమాయకంగా అనేస్తుంది. ఆ మాటేంటో ఇక్కడ రాయను, చూసి నవ్వుకోండి.

అందరూ గ్రాండ్ ఓల్ ఓప్రీ, గ్రాండ్ ఓల్ ఓప్రీ అంటారు. అదేమైనా పోటీయా?

పోటీ కాదు, రేడియో కార్యక్రమం. నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్ఎం స్టేషన్ 1925లో మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. వారం వారం జనం ముందు స్టేజీ మీద పాడతారు, అదే రేడియోలో వస్తుంది. కొండల్లో బ్యాటరీ రేడియో ఉన్న ఇంటికి శనివారం రాత్రి అదే సినిమా, అదే తిరునాళ్లు. చిన్నప్పుడు లొరెట్టా కుటుంబం ఆ రేడియో చుట్టూ చేరే సీన్ గుర్తుంది కదా, 1960లో ఆమె అదే స్టేజీ మీద నిలబడింది, 1962లో సభ్యురాలైంది. 1943 నుంచి 1974 దాకా ఓప్రీ జరిగింది రైమన్ ఆడిటోరియంలో, చర్చిలా పొడుగాటి బెంచీలున్న హాలు. ఎర్నెస్ట్ టబ్, రాయ్ ఏకఫ్, మినీ పెర్ల్ అనే ఓప్రీ దిగ్గజాలు సినిమాలో తమ పాత్రలు తామే వేసుకున్నారు.

పాట్సీ క్లైన్‌తో అంత స్నేహం నిజంగా ఉండేదా?

ఉండేది, కాకపోతే రెండేళ్లే. 1961 జూన్‌లో పాట్సీకి ఘోరమైన కారు ప్రమాదం జరిగింది. లొరెట్టా ఓ రాత్రి ఎర్నెస్ట్ టబ్ రికార్డుల షాపు నుంచి వచ్చే రేడియో కార్యక్రమంలో పాట్సీ హిట్ పాటే పాడి ఆమెకి అంకితమిచ్చింది. ఆసుపత్రి మంచం మీద విన్న పాట్సీ, ఆ పిల్లని తీసుకురమ్మని మొగుణ్ని పంపింది. అప్పటికి పాట్సీ పెద్ద స్టార్, లొరెట్టా కొత్తగా వచ్చిన పోటీదారు, అయినా బట్టలిచ్చింది, స్టేజీ మీద ఎలా ఉండాలో చెప్పింది. 1963 మార్చి 5న టెన్నెసీలోని క్యామ్డెన్ దగ్గర విమాన ప్రమాదంలో పాట్సీ చనిపోయింది, ముప్పై ఏళ్లకే. మరుసటేడు లొరెట్టాకి కవలలు పుడితే ఒకరికి పాట్సీ అని పేరు పెట్టుకుంది. ఈ పాత్ర వేసిన బెవర్లీ డీయాంజెలో తెరమీద ఉండేది కాసేపే, కానీ ఉన్నంతసేపూ సీన్ ఆమెదే.

పాటలు నిజంగా ఆ నటే పాడిందా? లిప్ సింక్ కాదా?

ప్లేబ్యాక్‌కి అలవాటుపడిన మనకి ఇది నమ్మబుద్ధి కాదు గానీ, లొరెట్టాగా వేసిన సిస్సీ స్పేసెక్ అన్ని పాటలూ సొంత గొంతుతోనే పాడింది. డీయాంజెలో కూడా పాట్సీ పాటలు తనే పాడింది. స్పేసెక్ టెక్సస్ అమ్మాయి, అసలు న్యూయార్క్ వెళ్లింది గాయని అవుదామనే, 1968లో రెయిన్‌బో అనే పేరుతో ఒక రికార్డు కూడా చేసింది, అది ఆడలేదు. ఈ సినిమాకోసం లొరెట్టా వెంటే తిరిగి ఆమె మాటతీరు, పాట పట్టుకుంది. పాటల రికార్డింగ్ చూసుకున్నది ఓవెన్ బ్రాడ్లీ, లొరెట్టా, పాట్సీల అసలు రికార్డులు చేయించిన నిర్మాత ఆయనే. ఇద్దరి గొంతులూ దగ్గరుండి విన్న మనిషి కొత్తవాళ్లతో అవే పాటలు పాడించాడంటే ఎక్కడా తేడా రానిస్తాడా చెప్పండి. సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ గోల్డ్ రికార్డు అయింది, టైటిల్ పాటకి స్పేసెక్ గ్రామీ నామినేషన్ కూడా తెచ్చుకుంది.

అనుకరణ కాదు అని తెలియాలంటే ఒక పని చేయండి, ఒకే పాట లొరెట్టాది, స్పేసెక్‌ది వెంటవెంటనే వినండి. గొంతులు వేరు. పదాన్ని ఎక్కడ విరవాలి, ఎక్కడ సాగదీయాలి అన్నది మాత్రం ఒకటే.

స్పేసెక్‌ని ఎవరు ఎంపిక చేశారు?

లొరెట్టానే. నటీమణుల ఫొటోలు ముందు పెడితే, అప్పటిదాకా ఎవరో తెలియని స్పేసెక్ ఫొటో చూపించి ఈమే అనేసింది. అక్కడితో ఆగకుండా జానీ కార్సన్ టీవీ షోలో కూర్చుని స్పేసెక్ నా పాత్ర వేస్తోందని దేశమంతటికీ చెప్పేసింది, అప్పటికి స్పేసెక్ ఇంకా ఒప్పుకోనే లేదు! షూటింగ్ నాటికి స్పేసెక్‌కి ముప్పై దగ్గరపడుతున్నాయి, అయినా పెళ్లికి ముందు సీన్లలో పిల్లలానే ఉంటుంది. మేకప్ కంటే అందులో భుజాలు, నడక చేసిన పనే ఎక్కువ.

డూ మంచివాడా, చెడ్డవాడా? సినిమా అతన్ని వెనకేసుకొస్తోందా?

ఈ ప్రశ్న వచ్చినన్నిసార్లు ఇంకేదీ రాలేదు. కొడతాడు, తాగుతాడు, వేరే ఆడవాళ్ల వెంట పోతాడు. అతను లేకపోతే ఆమె కస్టర్‌లో నలుగురు పిల్లలకి వండిపెడుతూ ఉండిపోయేది, ఇదీ నిజమే. సినిమా రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది, తీర్పు ఇవ్వదు. నా దృష్టిలో ఇది గాయని ఎదిగిన కథ కంటే ఒక పెళ్లి కథ, ఆమె పైకి వెళ్లేకొద్దీ అతనికి చేయడానికి పని లేకుండా పోవడం రెండో సగంలో అసలు విషయం. జోన్స్ ఆ వెలితిని మాటల్లేకుండా చూపిస్తాడు, స్టేజీ పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి.

వెనకేసుకొచ్చిందా అంటే, కొంచెం, అవును. సినిమా తీసేనాటికి అతను బతికే ఉన్నాడు, పెళ్లి నడుస్తూనే ఉంది. అతను 1996లో పోయాక, 2002లో లొరెట్టా ఇంకో పుస్తకం రాసింది, అందులో తాగుడు గురించి, ఇతర ఆడవాళ్ల గురించి చాలా కటువుగా చెప్పింది. అతను ఒక దెబ్బ కొడితే నేను రెండు తిరిగి కొట్టేదాన్ని అని కూడా ఆమె చెప్పుకునేది. అయినా దాదాపు 48 ఏళ్లు కలిసే ఉన్నారు. దాన్ని ప్రేమ అంటారో, వేరే దారి లేకపోవడం అంటారో మీ ఇష్టం. నేను మాత్రం అతన్ని హీరో అనలేను, తీసి పారేయనూ లేను.

స్టేజీ మీద కుప్పకూలే సీన్ తర్వాత అంత త్వరగా ఎలా సర్దుకుంది?

సినిమాలో సర్దుకుంది, జీవితంలో కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు బస్సులోనే బతుకు, విడవని తలనొప్పి, నిద్ర లేకపోవడం, మాత్రలు. ఆ సీన్లో ఆమె పాట మర్చిపోయి జనంతో ఏదేదో మాట్లాడుతూ ఉంటుంది, అభిమానులకి ఏం జరుగుతోందో అర్థం కాదు, డూ వచ్చి ఎత్తుకెళ్లిపోతాడు. స్పేసెక్ గొప్పగా చేసింది. కానీ అంతటి దెబ్బ తర్వాత కాస్త ఊపిరి పీల్చుకునే లోపే కొత్త ఇంటి స్థలం, పడకగది ఎక్కడ అని మొగుడూ పెళ్లాల కొట్లాట, టైటిల్ పాట, శుభం కార్డు. ఇంకో పావుగంట ఉంటే బాగుండేది.

## చూశాక వచ్చే ప్రశ్నలు

సినిమా ఏమేం వదిలేసింది?

చాలానే. నాష్‌విల్‌లో ఆమెకి మొదట దారి చూపించి, డెక్కా అనే రికార్డుల కంపెనీ దాకా తీసుకెళ్లింది విల్బర్న్ బ్రదర్స్ అనే గాయక సోదరులు, కథలో వాళ్ల ఊసే లేదు. కాన్వే ట్విట్టీ అనే గాయకుడితో పాడిన యుగళగీతాలు డెబ్బైల్లో ఒక ఊపు ఊపాయి, అవీ లేవు. తండ్రి చివరి రోజుల సంగతి కూడా కుదించారు, నిజానికి కుటుంబం పని వెతుక్కుంటూ ఇండియానా రాష్ట్రంలోని వాబాష్‌కి వెళ్లిపోయింది, ఆయన 1959లో చనిపోయింది అక్కడే.

నాకు బాగా కొరతగా అనిపించేది మాత్రం 1975 నాటి "ద పిల్" పాట. గర్భనిరోధక మాత్ర వచ్చింది, ఇక ఏటా కాన్పులు నా వల్ల కాదు అని మొగుడికి చెప్పే భార్య పాట. చాలా రేడియో స్టేషన్లు వేయబోమన్నాయి, అయినా చార్టుల్లోకి ఎక్కింది. ఆరుగురు పిల్లల్ని కన్న మనిషి ఆ పాట పాడటంలో ఎంత కథ ఉందో! అది ఈ సినిమాలో ఉండాల్సింది.

కొండల అమెరికా కథని ఇంగ్లండ్ దర్శకుడు తీయడం ఏంటి?

మైకేల్ ఆప్టెడ్ డాక్యుమెంటరీల నుంచి వచ్చినవాడు. ఏడేళ్ల పిల్లల్ని 1964లో ఎంచుకుని, ప్రతి ఏడేళ్లకీ వెళ్లి వాళ్ల జీవితాలు చిత్రీకరించిన "అప్" పరంపర ఆయన జీవితకాలపు పని. హాలీవుడ్‌లో కొండవాళ్లంటే పళ్లూడిన తాగుబోతులుగా చూపించే అలవాటు అప్పటికే పాతుకుపోయింది. బయటివాడికి ఆ అలవాటు లేదు. కెంటకీలోనే షూటింగ్ పెట్టి, స్థానికుల్ని తెరమీదికి తెచ్చి, వాళ్లని వాళ్లలానే ఉండనిచ్చాడు. శవం పక్కన రాత్రంతా కూర్చుని పాడే సీన్లో మొహాలు చూడండి.

ఆస్కార్లు ఎన్ని వచ్చాయి?

ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు నామినేషన్లు, వచ్చింది ఒక్కటే, స్పేసెక్‌కి ఉత్తమ నటి. 1981 మార్చి 31న జరిగింది ఆ వేడుక. అసలు ముందురోజే జరగాలి, అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరగడంతో ఒకరోజు వాయిదా వేశారు. ఆ ఏడు ఉత్తమ నటుడు రాబర్ట్ డి నీరో కూడా బతికున్న మనిషి పాత్రకే గెలిచాడు, బాక్సర్ జేక్ లమోటా. టామీ లీ జోన్స్‌కి కనీసం నామినేషన్ కూడా రాలేదు, అది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. 2019లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరచాల్సిన చిత్రాల జాబితాలో దీన్ని చేర్చారు.

ఆ తర్వాత లొరెట్టా ఏమైంది?

పాడుతూనే ఉంది. 1988లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. 2004లో, డెబ్బై దాటాక, తన మనవడి వయసున్న రాక్ సంగీతకారుడు జాక్ వైట్‌తో కలిసి "వ్యాన్ లియర్ రోజ్" ఆల్బమ్ చేసి రెండు గ్రామీలు కొట్టింది. 2013లో అధ్యక్షుడు ఒబామా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చాడు. 2022 అక్టోబర్ 4న టెన్నెసీలోని హరికేన్ మిల్స్‌లో తన ఇంట్లోనే కన్నుమూసింది, తొంభై ఏళ్లు. క్రిస్టల్ గేల్ పేరు విన్నారా? మోకాళ్లు దాటే జుట్టుతో డెబ్బైల్లో పెద్ద హిట్లు ఇచ్చిన గాయని, ఆమె లొరెట్టా ఆఖరి చెల్లెలు.

పాటలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

టైటిల్ పాటతో. 1970లో వచ్చి కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది. రాసినప్పుడు ఇంకా చాలా చరణాలున్నాయట, పాట మరీ పొడుగైపోయిందని ఓవెన్ బ్రాడ్లీ కోయించేశాడు. మిగిలినవాటిలోనే బట్టలుతికి వేళ్లు చిట్లిన అమ్మ, ఎండాకాలమంతా చెప్పుల్లేని కాళ్లు, అన్నీ ఉన్నాయి. తర్వాత 1966 నాటి "యు ఏంట్ వుమన్ ఎనఫ్", 1967లో ఆమెకి మొదటి నంబర్ వన్ తెచ్చిన "డోంట్ కమ్ హోమ్ ఎ డ్రింకిన్", ఆ మరుసటేడు వచ్చిన "ఫిస్ట్ సిటీ". ఈ చివరిది, మొగుడి జోలికొచ్చిన ఆవిడకి జుట్టు పట్టుకుని ఈడుస్తానని ఇచ్చే వార్నింగ్. చిరునవ్వుతో పాడుతుంది.

బుచర్ హాలో ఇప్పటికీ ఉందా? అమెరికాలో ఉన్నాం, వెళ్లి చూడొచ్చా?

ఉంది. వ్యాన్ లియర్ దాటాక సన్నటి రోడ్డు, లోయ చివర ఆమె పెరిగిన చెక్క ఇల్లు, దాన్ని కుటుంబంవాళ్లే చూసుకుంటూ వచ్చారు. అంతదూరం కొండదారిలో వెళ్లలేకపోతే నాష్‌విల్‌కి పశ్చిమాన హరికేన్ మిల్స్‌లోని ఆమె రాంచ్‌కి వెళ్లండి, అక్కడ ఆ ఇంటి నమూనా, గని నమూనా కట్టించి పెట్టారు. నాష్‌విల్ ఊళ్లోనే ఉంటే రైమన్ ఆడిటోరియం ఎలాగూ ఉంది, పగటిపూట టికెట్ కొని లోపలికెళ్లి ఆ స్టేజీ మీద నిలబడి ఫొటో దిగొచ్చు. ఎక్కడికైనా బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి, ముఖ్యంగా చలికాలంలో.